మండువా ఇంటి కప్పూ సున్నపు గోడలూ: నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో మరమ్మతు చేసే తీరు

నెల్లూరు వైపు అసలు వానాకాలం అక్టోబరులో మొదలవుతుంది. ఏడాది వానలో పెద్ద వాటా డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలకే పడుతుంది, తుపాన్లూ అప్పుడే వస్తాయి. అందుకని పాత మండువా ఇంటి (నడుమ కప్పు లేని వాకిలి ఉండే పెంకుటిల్లు) పని సంక్రాంతి దాటగానే ఎత్తుకుని వినాయక చవితి లోపు దించేయాలి. దసరాకి పెంకులు దించిన ఇంట్లో ఒక్క వాయుగుండం పడినా వందేళ్ల గోడ మెత్తబడుతుంది. సున్నపు పూతకి వాన తగిలే ముందు కనీసం నెలన్నర గాలి తగలాలి కనుక బయటి పూత ఆగస్టు నెలాఖరుకి అయిపోవాలి. ఈ రెండు తేదీలూ గోడ మీద రాసిపెట్టుకుని మిగతా పనంతా వాటి నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

వరస కూడా ముందే ఖాయం చేసుకోవాలి. మొదట సున్నం నానబెట్టాలి, తర్వాత కప్పు, ఆ తర్వాత ఇంటి చుట్టూ నీరు పోయే దారి, అప్పుడు గోడలు, చివర్న వెల్ల. చాలామంది కంటికి కనిపించేది గోడ కాబట్టి గోడతో మొదలుపెడతారు. పైనుంచి నీళ్లు కారుతుండగా కింద పూసిన పూత రెండో ఏడు ఊడుతుంది, తప్పు సున్నం మీద పడుతుంది.

పెంకులు దించే ముందు

పనివాళ్లని పిలిచే ముందు ఒక రోజంతా ఇంట్లోనే గడపండి. మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ మూసి అటక కింద నిలబడి పైకి చూస్తే ఎక్కడెక్కడ వెలుతురు చుక్కలుగా పడుతోందో తెలుస్తుంది. వాసాల మీద నీటి చారలుంటే సుద్దతో గుర్తుపెట్టండి. చార ఉన్నచోటే కారుతోందని అనుకోవద్దు. నీరు రీపరు (పెంకులు ఆనే అడ్డ బద్ద) వెంట, వాసం వెంట జారి రెండు మూడు అడుగుల దిగువన బొట్టవుతుంది. కారే చోటు ఎప్పుడూ మరకకి పైనే ఉంటుంది.

కొప్పు నుంచి చూరు దాకా వాసం పక్కనే పురికొస లాగి కట్టండి. 10 అడుగుల పొడవులో వాసం అంగుళం కన్నా ఎక్కువ కిందికి వంగితే ఆ చోట కప్పు వాలు తగ్గిపోయినట్టే. మంగళూరు పెంకుకి, అంటే ఫ్యాక్టరీలో అచ్చువేసిన గాడుల పెంకుకి, కనీసపు వాలు 2 అడుగుల అడ్డ దూరానికి 1 అడుగు ఎత్తు. అంతకన్నా తగ్గితే గాలివానలో నీరు పెంకుల సందుల్లోంచి వెనక్కి ఎక్కుతుంది. అలాంటి చోట ఎన్ని కొత్త పెంకులు వేసినా కారుడు ఆగదు.

కరెంటు తీగలు వాసాల వెంట పోతుంటే మెయిన్ కట్టేసి తీయించండి. పెంకుల కింద తేళ్లూ పాములూ మామూలే, తొడుగులు లేకుండా చేయి పెట్టకూడదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు మీ ఇల్లుంటే అది నిషిద్ధ ప్రాంతం, దాని అవతల మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ రెంటిలోనూ మరమ్మతుకైనా ముందు అనుమతి తీసుకోవాలి.

సున్నం సంగతి

ఈ పనంతటికీ ప్రాణం ఇదే కాబట్టి దీనికి తొందర పనికిరాదు. కోస్తా నెల్లూరు పాత ఇళ్లలో వాడింది ఎక్కువగా గుల్ల సున్నం, అంటే పులికాట్ సరస్సు, సముద్రపు కయ్యల గుల్లలు కాల్చి చేసింది. తెల్లగా, వెన్నలా మెత్తగా ఉంటుంది. అయితే దానంతట అది నీళ్లలో గట్టిపడదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని నెమ్మదిగా రాయిలా మారుతుంది. తడి తగిలే చోట కూడా పట్టు రావాలనే పాతవాళ్లు అందులో ఇటుక పొడి, అంటే సుర్కీ, కలిపారు.

కాల్చిన గుల్ల ఇంటికి రాగానే ఒకటి రెండు రోజుల్లో తడపాలి. ఆలస్యమైతే గాలి తేమకే విరిసి పొడై పట్టు పోతుంది. 200 లీటర్ల ఇనప డ్రమ్ములో సగానికి పైగా నీళ్లు పోసి, గుల్లని బొచ్చెతో కొద్దికొద్దిగా నీళ్లలోకి వేయాలి. గుల్ల మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా చిమ్ముతుంది. కొలతకి ఒక గంప గుల్లకి రెండున్నర నుంచి మూడు గంపల నీళ్లు. కుతకుత ఉడుకుతుంది, ప్లాస్టిక్ డ్రమ్ము అయితే మెత్తబడి కూలుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే పావుగంటకి పైగా ధారగా మంచినీళ్లతో కడుగుతూనే ఉండి ఆస్పత్రికి పోవాలి. పసుపు, నూనె లాంటివి పెట్టకండి.

ఉడుకు తగ్గాక కర్రతో కలిపి దోమతెర లాంటి సన్న జల్లెడలో వడగట్టండి. ఉడకని గుల్ల ముక్కలు ఆగిపోతాయి. అవి పూతలోకి పోతే ఆర్నెల్ల తర్వాత విరిసి పూత మీద బొబ్బల్లా పగులుతాయి. వడగట్టిన ముద్దని గుంటలోనో డ్రమ్ములోనో పోసి పైన 2 అంగుళాల నీరు నిలిపి మూతపెట్టండి. కనీసం 3 వారాలు, వీలైతే రెండు మూడు నెలలు నానాలి. జనవరిలో నానబెట్టింది ఏప్రిల్‌లో తీస్తే కత్తితో కోసినట్టు తెగుతుంది.

గుల్ల దొరకకపోతే బస్తా సున్నం వాడొచ్చు. అయితే కొనేముందు ఒక చెంచా పొడి మీద బాత్రూము కడిగే ఆసిడ్ నాలుగు చుక్కలు వేయండి. బుసబుసా బాగా పొంగితే ఆ సున్నం సంచిలోనే గాలి పీల్చి చచ్చిపోయింది, వెల్లకి కూడా పనికిరాదు.

ఇసుక పెన్నదో గుండ్లకమ్మదో అయితే మంచిది, గరుగ్గా ఉండాలి. సముద్రపు ఇసుక వద్దు, ఎన్నిసార్లు కడిగినా వద్దు. నీళ్ల విషయం ఇసుక కన్నా ముఖ్యం. కోస్తా మండలాల్లో, అందులోనూ రొయ్యల చెరువుల పక్క ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కలిపిన సున్నం గోడకి మీరే ఉప్పు ఎక్కించినట్టు. మినరల్ వాటర్ ప్లాంటు వాళ్ల దగ్గరుండే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరుతో కొలిపించి, 500 దాటితే కాలువ నీరో ట్యాంకరు నీరో తెప్పించుకోండి.

సుర్కీకి తక్కువ కాలిన ఎర్ర ఇటుక కావాలి. నల్లగా మాడి గాజులా అయిన ఇటుక పొడి ఒట్టి ఇసుకతో సమానం, సున్నంతో కలవదు. రోట్లో దంచినా, మిల్లులో పట్టించినా, చేతికి పిండిలా తగలాలి.

కొత్త మిశ్రమం పాత దానికన్నా గట్టిగా ఉండకూడదు. అందుకే పాత గోడ నుంచి ఒక గుప్పెడు దరజు మట్టి, అంటే ఇటుకల సందుల్లోని పాత మిశ్రమం, తీసి, ఆరబెట్టి, తూచి, నీళ్లు కలిపిన ఆసిడ్‌లో వేయండి. పొంగు ఆగాక కడిగి ఆరబెట్టి మళ్లీ తూచితే పోయిన బరువు సున్నానిది, మిగిలింది ఇసుకా సుర్కీ. ఇసుకలో గుల్ల పలుకులుంటే అవీ కరిగిపోతాయి కాబట్టి సున్నం లెక్క కాస్త ఎక్కువ కనిపిస్తుంది. మామూలుగా ఈ పాళ్లు పనిచేస్తాయి: ఇటుక కట్టడానికి సున్నపు ముద్ద 1, సుర్కీ 1, ఇసుక 2. సందులు నింపడానికి ముద్ద 1, ఇసుక 2½, సుర్కీ అర. పూత మొదటి చేతికి, అంటే మొదటి పొరకి, ముద్ద, సుర్కీ, ఇసుక వరసలో 1:1:2, పైచేతికి ముద్ద 1, జల్లించిన సన్న ఇసుక 1.

పూర్వం ఎద్దు గానుగలో రాతి చక్రం కింద నలిపేవారు. నలపడమే అసలు పని, కలపడం కాదు. కాంక్రీటు మిల్లరు డ్రమ్ము గుండ్రంగా దొర్లిస్తుందే గాని నలపదు. రోలర్లున్న పాన్ మిక్సరు దొరికితే అరగంట తిప్పండి. లేదంటే గచ్చు మీద పోసి రోకలితో దంచాల్సిందే. కలిపిన ముద్దని తడి గోతాలు కప్పి ఒక రాత్రి ఉంచి, మర్నాడు నీళ్లు పోయకుండా మళ్లీ దంచితే మెత్తబడుతుంది. పలచగా చేసుకుందామని నీళ్లు పోసే మేస్త్రీని అక్కడే ఆపండి. ఆ నీరు ఆరినచోట పగుళ్లు వస్తాయి. సుర్కీ కలిపాక రెండు రోజుల్లో వాడేయాలి.

అర చెంచా సిమెంటు వేస్తే తొందరగా పట్టుకుంటుందని ప్రతి మేస్త్రీ చెబుతాడు. మంచివాడే, పని తొందరగా తేలాలని చెబుతాడు. కానీ కొద్ది సిమెంటు సున్నాన్నీ గట్టిపడనివ్వదు, తానూ పూర్తిగా పట్టుకోదు. పైగా సిమెంటులో కరిగే లవణాలు గోడలోకి దిగుతాయి.

కప్పు

పెంకులు ఒక వాలు మొత్తం ఒకేసారి దించకండి. 10 అడుగుల వెడల్పు పట్టీలుగా, కొప్పు నుంచి కిందికి దించుతూ, రెండు వైపులా సమానంగా పోవాలి. ఒకే వైపు దించితే బరువు తప్పి కొప్పు దూలాన్ని పక్కకి నెడుతుంది. మే నెల సాయంత్రాల్లో ఈదురుగాలితో వచ్చే జల్లుకి టార్పాలిన్ ఎప్పుడూ పక్కనే చుట్టి ఉండాలి. పనివాళ్లు పెంకుల మీద నడవకుండా వాసాల మీద నిచ్చెన పడుకోబెట్టి దాని మీద నడవాలి.

దించిన పెంకుని తిరగేసి వెనక ముద్ర చూడండి. మంగళూరులో బాసెల్ మిషన్ 1865లో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ తర్వాత ఆ నమూనాని ఎన్నో ఫ్యాక్టరీలు తీశాయి. కొలతలు ఒకదానికొకటి కాస్త తేడా. రెండు ముద్రల పెంకులు ఒకే వరసలో వేస్తే గాడిలో గాడి కూర్చోదు, అక్కడే కారుతుంది. ముద్ర వారీగా వేరువేరు కట్టలు పెట్టి, ఒక్కో వాలుకి ఒక్కో ముద్ర కేటాయించండి. నిలువుగా అంచు మీద నిలబెట్టి అయిదారు వరసలకి మించకుండా పేర్చాలి, పడుకోబెట్టి పేరిస్తే కిందివి పగులుతాయి.

ప్రతి పెంకునీ వేలి కణుపుతో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే కంటికి కనపడని పగులు ఉంది. నాచు పట్టినదాన్ని తాటి పీచుతో నీళ్లలో రుద్దండి, ఆసిడ్ వద్దు. అనుమానం ఉన్నవాటిలో పది తీసుకుని ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. బరువులో అయిదో వంతుకి మించి నీరు తాగితే ఆ పెంకు గోశాలకి వేసుకోవాలి, ఇంటికి వద్దు. పాత పెంకుల్లో పదికి రెండు మూడు పోతాయనే లెక్కతో ముందే వెతుక్కోండి. చుట్టుపక్కల పడగొడుతున్న ఇళ్ల దగ్గర అదే ముద్ర దొరకడం కొత్త పెంకు తేవడం కన్నా నయం.

ఎన్ని కావాలి? మంగళూరు పెంకు చదరపు మీటరుకి సుమారు 15 పడతాయి. వెయ్యి చదరపు అడుగుల కప్పుకి 1,400, తరుగుతో 1,550 అనుకోండి. ఒక్కోటి రెండు కేజీల నుంచి రెండున్నర దాకా ఉంటుంది, అంటే కప్పు మీద మూడున్నర టన్నుల దాకా ఉన్నట్టు, వానలో తడిస్తే ఇంకా ఎక్కువ. నాటు గూన పెంకులకి (సగం గొట్టంలా ఉండేవి) ఇలా ఒకే లెక్క చెప్పలేం, ఊరూరా కుమ్మరి అచ్చు వేరు. మీ కప్పు మీదే ఒక గజం చదరం కొలిచి లెక్కపెట్టుకోండి. గూన పెంకు ఒకదాని మీద ఒకటి ఎక్కే భాగం మూడో వంతుకి తగ్గకూడదు.

పెంకులు దిగాక చెక్క చూడాలి. పోయేది ఎప్పుడూ గోడలో దూరిన కొసే. పైకి టేకు నల్లగా నిగనిగలాడుతున్నా స్క్రూడ్రైవరుతో కొస దగ్గర పొడవండి. అర అంగుళం లోపలికి దిగితే పుచ్చిందన్నట్టు. తాటి వాసాలకి ఇంకో చిక్కు: బయటి చేవ గట్టిగా ఉండి లోపలి గుజ్జంతా చెదలు తినేసి ఉంటుంది. సుత్తితో కొట్టి వింటే డొల్ల మోత తెలుస్తుంది.

కొస మాత్రమే పోయిన దూలాన్ని మొత్తం మార్చక్కర్లేదు. చెడ్డ భాగం కోసేసి ఏటవాలు అతుకుతో అదే రకం చేవ చెక్క కలపండి. అతుకు పొడవు దూలం మందానికి కనీసం మూడింతలు ఉండాలి, అంటే 8 అంగుళాల దూలానికి 24 అంగుళాలు. రెండు వైపులా ఇనప పట్టీ, నాలుగు బోల్టులు. అతుకు గోడకి దగ్గరగా రావాలి, దూలం నడుమ రాకూడదు. గోడలో కొస పెట్టే గూట్లో మూడు వైపులా అర అంగుళం ఖాళీ వదలండి. సున్నంతో మూసేస్తే చెక్క ఊపిరాడక మళ్లీ అక్కడే పుచ్చుతుంది. వంగిన దూలాన్ని జాకీతో ఎత్తాల్సి వస్తే రోజుకి పావు అంగుళానికి మించకండి, ఆత్రపడితే పైన గోడ చీలుతుంది.

లోపలి చెక్కకి చెదల మందుగా బోరిక్ యాసిడ్ 1 పాలు, బోరాక్స్ 1½ పాలు, రెండూ కలిపి నూటికి 5 నుంచి 10 వంతులుగా వేడినీళ్లలో కరిగించి రెండు మూడు చేతులు పూయండి. వాన తగిలే చూరు కొసలకి ఇది నిలవదు, కడుక్కుపోతుంది. అక్కడికి పాతవాళ్లు వాడిన జీడిగింజ తొక్కల నూనే నయం. ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి, తొడుగులు లేకుండా ముట్టకండి.

రీపర్లు 2×1 అంగుళాల కోత. వాటి మధ్య దూరం పుస్తకంలో చూసి పెట్టకండి. నేల మీద ఒక వరసలో పదకొండు పెంకులు గాడిలో పెట్టి, బాగా దగ్గరికి నొక్కి పొడవు కొలిచి, మళ్లీ గాడి వదలనంత దాకా లాగి కొలవండి. రెండు కొలతల సగటుని పదితో భాగించండి. పదకొండు పెంకులకి మధ్య దూరాలు పదే కాబట్టి, కొలత మొదటి పెంకు పై అంచు నుంచి పదకొండో పెంకు పై అంచు దాకా తీసుకోవాలి. సాధారణంగా పన్నెండున్నర అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. చూరు దగ్గర మొదటి రీపరు మిగతావాటికన్నా పెంకు మందమంత ఎత్తుండాలి. లేకపోతే మొదటి వరస ముక్కు కిందికి వాలి గాలికి లేస్తుంది.

గాలి గురించి ఒక మాట. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటింది. అలాంటి గాలి పెంకుని నొక్కదు, పైకి పీకుతుంది. ముందు లేచేవి చూరు వరసలు, కొప్పు, పక్క అంచులు. మంగళూరు పెంకు వెనక ముక్కుకి చిన్న కన్నం ఉంటుంది. ఆ కన్నంలోంచి తీగ దూర్చి రీపరుకి కట్టాలి. చూరు నుంచి మూడు వరసలు, కొప్పు కింద రెండు వరసలు, అంచుల్లో రెండేసి పెంకులు తప్పనిసరి. మిగతాచోట ప్రతి మూడో పెంకు. కోతుల బెడద ఉన్న ఊళ్లో మాత్రం ప్రతి పెంకూ కట్టాల్సిందే. ఈ జిల్లాల్లో పెంకుటిళ్లు రేకులకి మారిపోవడానికి తుపాన్లతోపాటు కోతులూ ఒక కారణమే. ఉప్పుగాలికి జీఐ (జింకు పూత వేసిన ఇనప) తీగ నాలుగైదేళ్లలో తుప్పుపడుతుంది, రాగి తీగ గానీ 304 రకం స్టెయిన్‌లెస్ తీగ గానీ వాడండి.

కొప్పు పెంకుల కింద ఖాళీ అంతా సిమెంటుతో నింపడం ఈ మధ్య వాడుకైంది. ఎండకి పెంకు ఒక లెక్కన, సిమెంటు ఒక లెక్కన సాగి రెండేళ్లలో వెంట్రుకవాసి పగులు వస్తుంది. నీరు అందులో దూరి బయటికి రాలేక కొప్పు దూలాన్ని తినేస్తుంది. రెండు అంచుల వెంట మాత్రమే 1:1:2 సున్నపు మిశ్రమంలో కొబ్బరి పీచు తుంపులు కలిపి పరవండి, నడుమ ఖాళీగా వదిలేయండి.

మండువా ఇంట్లో అసలు జబ్బు లోపలి నాలుగు మూలల్లో ఉంటుంది. రెండు వాలుల నీరు ఒకే గాడిలోకి వస్తుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద గంటలో 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 10,000 లీటర్లు, అందులో లోపలి వాలుల నీరంతా మండువాలోకే. మూల గాడికి జీఐ రేకు వద్దు. అల్యూమినియం రేకు సున్నం తగిలినచోట తినేసుకుంటుంది. రాగి లేదా స్టెయిన్‌లెస్ రేకు, 18 అంగుళాలకి తగ్గని వెడల్పు, రెండు పక్కలా పెంకుల కిందికి 6 అంగుళాలు పోవాలి, అంచులు అర అంగుళం పైకి మడవాలి. రెండు రేకులు కలిసేచోట పైది కిందిదాని మీదికి 6 అంగుళాలు ఎక్కాలి. మండువా తూము ఒకటే ఉంటే ఇంకొకటి పెట్టించండి. వేపాకు అడ్డుపడితే నడవాలోకి నీళ్లు రావడానికి పది నిమిషాలు చాలు.

గోడలు

ముందు ఇంటి చుట్టూ చూడండి. ఊరి వీధుల్లో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోవాల్సిన అరుగు ఇప్పుడు రోడ్డుతో సమానమైంది. గోడ పక్క నేల ఇంటి గచ్చుకి కనీసం 6 అంగుళాల దిగువన ఉండేలా మట్టి తీయండి. గోడ వెంట అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తవ్వి 40 మిల్లీమీటర్ల కంకర నింపి వీధి కాలువ వైపు వాలివ్వండి. పాత పునాదులు లోతు తక్కువ, పునాది అడుగు కనిపించే దాకా మాత్రం తవ్వకూడదు. గోడకి అంటించి పోసిన సిమెంటు చప్టా ఉంటే పగలగొట్టేయండి. లోపల కడప బండలు తీసి చీమకుర్తి గ్రానైటు పరిచిన ఇళ్లలో గోడలు హఠాత్తుగా చెమ్మెక్కడం చూస్తుంటాం. నేల తేమకి బండల సందులు మూసుకుపోయి గోడలే దారయ్యాయి మరి.

గోడ మీద సిమెంటు పూత, వాల్ పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు ఉంటే తీయాల్సిందే. ఇటుక తాగిన నీరు పూతలోంచి ఆరే దారి లేక పైపైకి ఎక్కుతుంది. నడుమెత్తు దాకా ఉన్న చెమ్మ నిలువెత్తు అవుతుంది. ఉప్పు పూత వెనకే గడ్డకట్టి ఇటుకని పిండి చేస్తుంది. బయటికి పూత చక్కగా కనిపిస్తూ, తడితే డొల్ల మోగి, ఊడదీస్తే లోపల ఎర్ర పొడి రాలుతుంది. అంచు నుంచి చిన్న ఉలితో, ఏటవాలుగా తీస్తూ పోవాలి. డ్రిల్లు హామర్ వద్దు. ఎక్కడైనా సిమెంటు ఇటుక ముఖంతో సహా ఊడొస్తుంటే ఆ ముక్కని వదిలేయడమే మేలు, అందం కోసం గోడని గాయపరచకండి.

తీశాక రెండు మూడు నెలలు గోడని వట్టిగా ఆరనివ్వండి. తెల్లగా పొంగే ఉప్పుని పొడి చీపురుతో గోనె మీదికి దులిపి దూరంగా పారబోయండి. నీళ్లతో కడిగితే అది మళ్లీ లోపలికే పోతుంది. మొండి ఉప్పుకి బంకమట్టి, ఇసుక, తడిపిన పాత పేపరు గుజ్జు సమపాళ్లలో మంచినీటితో ముద్దచేసి అంగుళం మందం పట్టించి, పూర్తిగా ఎండి దానంతటది పెళుసుగా ఊడినప్పుడు తీసేయండి. రెండు మూడుసార్లు చేయాలి. తీసిన ముద్ద మళ్లీ వాడకూడదు.

పొడైన ఇటుకల్ని ఒక్కొక్కటిగా మార్చండి. ఒక చోట మూడు ఇటుకలకి మించి ఒకేసారి తీయకండి. కొత్త ఇటుక పాత కొలతలో దొరకదు, పడిపోయిన పశువుల చావిడి ఇటుకలు దాచుకోండి. కట్టే ముందు అరగంట నానబెట్టాలి.

సందుల్లో పాత సున్నం మెత్తబడితే సందు వెడల్పుకి రెండింతల లోతు, కనీసం అంగుళం, చేత్తో గీకి తీయాలి. గ్రైండరు ఇటుక అంచుల్ని కోసేస్తుంది, దాన్ని ఇంటికి రానివ్వకండి. దుమ్ము ఊది, నీళ్లు చిలకరించి, మిశ్రమాన్ని అర అంగుళానికి మించని పొరలుగా లోపలికి నొక్కాలి. పైభాగం ఇటుక ముఖానికి వెంట్రుకవాసి లోపలే ఆపాలి. కాస్త గట్టిపడ్డాక గరుకు బ్రష్షుతో తట్టితే లోపలికి దిగి బాగా పట్టుకుంటుంది.

పూత ఒక్కో చేతికి పావు నుంచి అర అంగుళం లోపే. 100 చదరపు అడుగులకి ముప్పావు అంగుళం పూతకి ఇసుక నాలుగున్నర ఘనపుటడుగులు, సుర్కీ రెండుంబావు, సున్నపు ముద్ద రెండుంబావు (సుమారు 64 లీటర్లు) పడుతుంది. గోడ వంకరగా ఉంటే ఇంకా ఎక్కువ. మొదటి చేయి బొటనవేలు దిగకుండా, గోరు మాత్రం గీరుకునేంత గట్టిపడ్డాక రెండో చేయి, అంటే మూడు నుంచి అయిదు రోజులు. పూసిన గోడకి ఒక అడుగు దూరంలో తడి గోతాలు వేలాడదీసి, రోజుకి మూడుసార్లు పొగమంచులా నీళ్లు కొట్టండి, పది రోజులు. పైపుతో ధారగా కొట్టడం సిమెంటు అలవాటు, సున్నం కొట్టుకుపోతుంది. రోహిణి కార్తె ఎండలో పూత పని పెట్టుకోకండి. వేలితో రుద్దితే తెల్లని పిండి రాలితే ఆ పూత పట్టకముందే ఎండిందన్నమాట. తీసి మళ్లీ పూయడం తప్ప దానికి మందు లేదు.

చీలికలకి ముందు కారణం కావాలి. కందుకూరు చుట్టుపక్కలా, ఒంగోలు కిందా నల్లరేగడి భూమి వేసవిలో చీలి వానకి ఉబ్బుతుంది, గోడ దానితోపాటే కదులుతుంది. చీలికకి అడ్డంగా గాజు పలక ముక్క సున్నంతో అతికించి తేదీ రాయండి. పగిలితే కదలిక ఇంకా ఉంది. వేసవీ వానా రెండూ చూశాకే కుట్టండి. చీలికకి రెండు పక్కలా ప్రతి నాలుగైదు వరసలకి ఒక వరస ఇటుకలు తీసి, చీలిక మీదుగా అడ్డంగా కొత్తవి పెట్టి కట్టడమే కుట్టడం. పిట్టగోడల్లో మొలిచిన రావి మొక్కని కోసి వదిలేస్తే వేరు లావవుతూనే ఉంటుంది. వేరు పోయినంత మేరా వరసలు విప్పి, వేరు తీసి, మళ్లీ కట్టాలి.

మార్కాపురం, గిద్దలూరు వైపు గోడలు వేరు: రెండు పక్కలా రాయి, నడుమ చిల్లరాళ్లూ మట్టీ. వాన నీరు పైనుంచి నడుమకి దిగితే మట్టి జారి రెండు ముఖాలూ విడిపోయి గోడ ఉబ్బుతుంది. ఉబ్బిన భాగాన్ని మూడడుగుల వెడల్పు చొప్పున, కప్పుకి ముట్టు (ఆసరా కర్ర) పెట్టి, రాళ్లకి సుద్దతో నంబర్లేసి విప్పండి. మళ్లీ కట్టేటప్పుడు గజం చదరానికి ఒకటైనా గోడ మందమంతా పట్టే అడ్డరాయి పడాలి. మట్టితో కట్టిన గోడకి మట్టే వాడాలి, పైవరస మీద మాత్రం సున్నం సుర్కీతో టోపీలా పోయండి.

పక్కన మిద్దె గది ఉంటే

చాలా మండువా ఇళ్లకి ఒక పక్కన టేకు దంతెల (దగ్గరదగ్గరగా వేసే సన్న దూలాల) మీద సన్నిటుకలు అంచు మీద ఏటవాలుగా పేర్చి, పైన సున్నపు జల్లి (ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన పొర) కొట్టిన మద్రాసు మిద్దె ఉంటుంది. దాన్ని చంపేది మీదమీద పోసే పొరలు. 100 చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం సిమెంటు పూత అర టన్ను బరువు. కారినప్పుడల్లా ఒక పొర వేసిన మిద్దె మీద మూడు నాలుగు అంగుళాలు తేలిగ్గా దొరుకుతాయి. ముందు అవి తీసేయండి, కింద దంతెలకి ముట్టు పెట్టి.

జల్లి పాడైతే కొత్తది ఇలా: ముప్పావు అంగుళం ఇటుక ముక్కలు 100 పాళ్లు, సున్నం 1 సుర్కీ 2 కలిపిన ముద్ద 50 పాళ్లు. అయిదున్నర అంగుళాలు పరిస్తే కొట్టాక నాలుగవుతుంది. 10 అడుగులకి 2 అంగుళాల వాలు. చెక్క బద్దలతో వరసగా ఏడు రోజులు కొట్టాలి, దిమ్మిస వేస్తే ఎగిరిపడేంత దాకా. కొట్టేటప్పుడు చల్లడానికి 100 చదరపు అడుగులకి కరక్కాయ ముక్కలు 600 గ్రాములు, బెల్లం 200 గ్రాములు 40 లీటర్ల నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి వడగట్టిన నీరు వాడతారు. కొట్టడం ఆపాక పది రోజులు తడి గోతాలు కప్పి ఉంచాలి.

వెల్ల చివరి పని. నానిన ముద్దని పాలంత పలచగా చేసి గుడ్డలో వడగట్టి, తుమ్మబంక నీళ్లు కాస్త కలిపి, గోడ తడిపి మూడు నాలుగు చేతులు. తడిగా ఉన్నప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది, ఆరాక తెల్లబడుతుంది. తెల్లగా కనిపించే దాకా చిక్కగా పూస్తే పొరలుగా లేస్తుంది. పని ముగిశాక మిగిలిన పెంకుల్లో ఒక్కో ముద్రకి యాభై చొప్పున చావిట్లో నిలబెట్టి ఉంచండి, సున్నపు ముద్ద ఒక డ్రమ్ము నీళ్లు నిలిపి మూత పెట్టండి. వచ్చే సెప్టెంబరులో మూల గాడులు ఊడ్చేటప్పుడు రెండూ పనికొస్తాయి.